ప్రెస్ నోట్ రాసేలోపే ఊరంతా తిరిగిన వార్త

2019 జులైలో ఒక రోజు, ఉదయం ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. చేసింది ఒక జిల్లా కేంద్రంలోని ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్. ఎదురొచ్చిన ట్రాక్టర్‌ను తప్పించబోయి వాళ్ల బస్సు ఊరి బయట పంట కాలువలోకి ఒరిగిందట. కాలువలో నీళ్లు లేవు. పిల్లలందరినీ దించేశారు. ఇద్దరికి మోచేతులు గీరుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. "ఒక ప్రెస్ నోట్ రాసి పంపండి సార్, సాయంత్రం పేపర్ల వాళ్లకు ఇచ్చేద్దాం" అన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని ఇలాంటి నోట్లు రాయడమే నా పని. వెంటనే మొదలుపెట్టాను.

నేను రాస్తుండగానే ఆ దారిన పోయే ఎవరో ఒరిగిన బస్సును వీడియో తీసి ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అరనిమిషం వీడియో. మొదట దాని కింద ఒక్క అక్షరం లేదు. మూడో గ్రూపుకో నాలుగో గ్రూపుకో చేరేసరికి "ముగ్గురు పిల్లలు మృతి" అన్న మాట వచ్చి చేరింది. తొమ్మిదిన్నరకల్లా స్కూలు గేటు ముందు జనం కిక్కిరిసిపోయారు. ఒక తల్లి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చిందని తర్వాత చెప్పారు. నా ప్రెస్ నోట్ పదింటికి సిద్ధమైంది. "ఈ దురదృష్టకర సంఘటనలో విద్యార్థులెవరికీ ప్రాణాపాయం లేదని యాజమాన్యం తెలియజేస్తున్నది" అని రాశాను. తప్పుల్లేని వాక్యమే, కానీ అది అచ్చయ్యేది మర్నాడు తెల్లవారుజామున.

గేటు దగ్గరి జనాన్ని నిమ్మళింపజేసింది రెండో తరగతి టీచర్. ఆవిడ పిల్లలందరినీ వరండా మెట్ల మీద కూర్చోబెట్టింది, చేతికి తలో రెండు బిస్కెట్లు ఇచ్చింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తూ ఫోన్‌లో వీడియో తీసింది. పిలిచిన పిల్లాడల్లా నోట్లో బిస్కెట్‌తోనే చెయ్యెత్తి "ప్రెజెంట్ టీచర్" అన్నాడు. దాన్ని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పావుగంటలో గేటు దగ్గర గొంతులు తగ్గాయి. ఎవరూ ఆవిడకు ఆ పని చెప్పలేదు.

అప్పటికి పీఆర్‌లో, అంటే సంస్థల తరఫున పత్రికలతో, జనంతో మాట్లాడే పనిలో, నాకు పదిహేనేళ్ల అనుభవం ఉంది. ఆవిడ వీడియో చూశాక, నేను నేర్చుకున్న పనిలో ఎంత భాగానికి కాలం చెల్లిందో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. ఆ బస్సు సంగతి మరుసటి రోజు ఇంకో మలుపు తిరిగింది, దాన్ని తర్వాత చెబుతాను.

ప్రెస్ నోట్ పుట్టింది కూడా ఇలాంటి ప్రమాదంలోనే

1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. 50 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో రైలు కంపెనీలు ప్రమాదం జరిగితే వీలైనంత వరకు దాచేవి. ఐవీ లీ అనే మాజీ విలేకరి అప్పుడు ఆ కంపెనీకి సలహాదారు. పుకార్లు పుట్టకముందే ఉన్న విషయం మనమే చెబుదామని యాజమాన్యాన్ని ఒప్పించి, ఒక ప్రకటన రాసి పత్రికలకు ఇచ్చాడు. విలేకరులను కంపెనీ ఖర్చుతోనే ప్రమాద స్థలానికి తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత న్యూయార్క్ టైమ్స్ ఆ ప్రకటనను ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొట్టమొదటి ప్రెస్ నోట్‌గా చాలామంది చెప్పేది దాన్నే.

ఆ తర్వాత వంద సంవత్సరాలు పీఆర్ అంటే ఇదే నమూనా. మధ్యలో పత్రిక ఉంటుంది. మనం పత్రికకు చెబుతాం, పత్రిక జనానికి చెబుతుంది. మన తెలుగు నేల మీద ఈ నమూనా ఎంత బలంగా పాతుకుపోయిందంటే, దానికి ఊరూరా వేళ్లు ఉండేవి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989 నుంచి జిల్లా ఎడిషన్లు తెచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. మండలానికొక కంట్రిబ్యూటర్ (జీతం లేకుండా వార్తలు పంపే స్థానిక విలేకరి), పట్టణంలో స్టాఫ్ రిపోర్టర్, పైన వార్తలు దిద్దే డెస్క్. పంచాయతీ బోరు మోటారు కాలిపోయినా జిల్లా పేజీలో వచ్చేది. పీఆర్వో అనేవాడికి తెలియాల్సిందల్లా ఏ డెస్క్‌లో ఎవరున్నారు, ఏ పేజీ ఎన్నింటికి వదులుతారు, ఎవరికి ఏ వార్త పనికొస్తుంది. ఓ పదిహేను ఫోన్ నంబర్లు, సాయంత్రం నాలుగులోపు సోమాజిగూడలో ఒక ప్రెస్ మీట్. రాత్రి తొమ్మిదింటికి "సర్, మనది వస్తోందా?" అని మొహమాటంగా ఒక ఫోన్. పొద్దున్నే పేపర్లు తెప్పించి కత్తిరించి, ఫైలు కట్టి క్లయింట్ టేబుల్ మీద పెట్టేవాళ్లం.

ఆ ఫైలుకు ఒక లెక్క కూడా ఉండేది. వార్త ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చిందో స్కేలుతో కొలిచి, అంత జాగాలో యాడ్ వేస్తే ఎంత అయ్యేదో ఆ రేటుతో గుణించేవాళ్లం. "మీకు ఇన్ని లక్షల ప్రచారం తెచ్చాం" అని చూపించేవాళ్లం. చదివినవాడు నమ్మాడా, వార్త మనల్ని మెచ్చుకుందా, తిట్టిందా అన్నది ఆ లెక్కలోకి వచ్చేది కాదు. 2010లో బార్సిలోనాలో సమావేశమైన పీఆర్ కొలతల నిపుణులు, యాడ్ రేటు ప్రకారం లెక్కగట్టేది పీఆర్ విలువ కాదని తేల్చి చెప్పారు. అయినా ఆ స్కేలు చాలా ఆఫీసుల్లో ఇంకా టేబుల్ మీదే ఉంది.

మధ్యలో ఉన్న ఆ పత్రికకు మచ్చలు లేకపోలేదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తల్లా అచ్చేశారన్న ఆరోపణలు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, మహారాష్ట్రలోనూ గట్టిగా వచ్చాయి. ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లో దీని మీద సవివరమైన నివేదిక ఇచ్చింది. అందులో ఉన్న ఇద్దరిలో ఒకరు మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. పాత రోజులన్నీ బంగారమని నేను అనను. ఎవరో ఒకరు మధ్యలో కూర్చుని "ఇది నిజమేనా? ఇంకొకరిని అడిగావా?" అని ప్రశ్నించే ఏర్పాటు మాత్రం ఉండేది.

ఒకే ఇల్లు, నాలుగు వార్తలు

2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. నెలకు ఒక జీబీ డేటాను పొదుపుగా వాడుకున్నవాళ్లకు రోజుకు ఒక జీబీ చేతికొచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు పారాయి. చదవడం అంతగా రానివాళ్లు కూడా వార్తల ప్రపంచంలోకి వచ్చారు, చూడటానికీ వినడానికీ అక్షరాలు అక్కర్లేదు కాబట్టి. ఇది చిన్న మార్పు కాదు. మా ఊళ్లో జీవితంలో ఒక్క పేపర్ పట్టని ముసలమ్మ ఇప్పుడు యూట్యూబ్‌లో రాజకీయ చర్చలు విని నాతో వాదిస్తుంది.

తర్వాత కరోనా. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పెట్టగానే, పేపర్ మీద వైరస్ ఉంటుందన్న భయంతో అపార్ట్‌మెంట్ల వాళ్లు పేపర్ బాయ్‌ని గేటు లోపలికి రానివ్వలేదు. ఆ కొన్ని నెలలూ జనం పీడీఎఫ్‌లు ఫోన్‌లో తిప్పుకున్నారు. ఆగిన పేపర్ కొన్ని ఇళ్లకు మళ్లీ వచ్చింది, చాలా ఇళ్లకు రాలేదు. యాడ్స్ పడిపోయాయి, జిల్లా పేజీలు కుదించుకుపోయాయి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. అమ్మ వంటింట్లో, పోపుల డబ్బాకు ఆనించిన ఫోన్‌లో యూట్యూబ్ చూస్తూ "అయ్యో, ఊరే పోయిందిరా" అంటోంది. తమ్ముడి కూతురు ఇన్‌స్టాలో ఎవరో పడవలో వెళ్తూ తీసిన రీల్ చూసింది. నాకు బంధువుల గ్రూపులో లొకేషన్లు, పాల ప్యాకెట్లు కావాలన్న మెసేజ్‌లు వస్తున్నాయి. నాన్న మాత్రం మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ పేపర్ చదివి, ఏ కాలనీలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో, గండ్లు ఎక్కడ పడ్డాయో, ఎందుకు పడ్డాయో మాకు వరసగా చెప్పారు. నలుగురం ఒకే వరద గురించి తెలుసుకున్నాం. కానీ నలుగురికి తెలిసిన సంగతులు ఒకటి కావు. వరద ఎందుకు వచ్చిందన్నది ఒక్క నాన్నకే తెలుసు, అదీ ఒక రోజు ఆలస్యంగా.

జర్నలిజం మీద పరిశోధన చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024 నివేదికలో, మన దేశంలో వాళ్లు అడిగినవాళ్లలో సగానికి పైగా యూట్యూబ్‌లో, దాదాపు సగం మంది వాట్సాప్‌లో వార్తలు చూస్తున్నామన్నారు. ఆ సర్వే ఇంగ్లిష్ వచ్చి ఇంటర్నెట్ వాడేవాళ్లతో చేసింది. కాబట్టి తెలుగు పల్లెకు దాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. మనకంటూ లెక్కలు చూసుకుందామంటే, పత్రికల పాఠకులను లెక్కించే ఇండియన్ రీడర్‌షిప్ సర్వే 2019 తర్వాత ఏళ్ల తరబడి రాలేదు. టీవీ న్యూస్ చానళ్ల రేటింగులను టీఆర్‌పీ గోల్‌మాల్ ఆరోపణల తర్వాత 2020 అక్టోబరులో ఆపి, మళ్లీ 2022 మార్చిలో గానీ విడుదల చేయలేదు. సరిగ్గా అలవాట్లు తలకిందులైన ఆ కాలంలోనే కొలబద్దలు పక్కన పెట్టేశారు. క్లయింట్ "ఎక్కడ చెబితే జనానికి చేరుతుంది?" అని అడిగితే అప్పట్లో చాలామందిమి అంచనా మీదే సమాధానం చెప్పాం.

పీఆర్ వాళ్లకు వచ్చిన తిప్పలు

మొదటిది, టైమ్. డెడ్‌లైన్ అనే మాట పత్రికలకు ఉండేది. జనానికి అది లేదు. బస్సు విషయంలో మాకు దొరికింది గంట, దాన్ని నేను వాక్యం చక్కదిద్దుకోవడంలో పోగొట్టాను. ఇప్పుడు ఎవరు ఫోన్ చేసినా మొదటి అరగంటలో తెలిసినంత వరకు చెప్పేయమంటాను, తెలియనిది తెలియదనే చెప్పమంటాను. చెప్పేది కూడా సంస్థ లెటర్‌హెడ్ మీద కాకుండా, ఆ మనుషులకు ముందే తెలిసిన గొంతులో రావాలి. తల్లిదండ్రులకు టీచర్ తెలుసు, కరస్పాండెంట్ తెలియదు.

రెండోది, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియకపోవడం. 2023 ఏప్రిల్‌లో రేవంత్ హిమత్‌సింగ్కా అనే యువకుడు బోర్న్‌విటాలో చక్కెర ఎంత ఉందో చెబుతూ ఒక వీడియో పెట్టాడు. కంపెనీ లీగల్ నోటీసు పంపింది. అతను భయపడి వీడియో తీసేశాడు, క్షమాపణ చెప్పాడు. ఒక పత్రిక విషయంలో అయితే కథ అక్కడితో ముగిసేదేమో. ఇక్కడ అప్పటికే వేలమంది ఫోన్లలో వీడియో ఉంది, నోటీసు వచ్చిందన్న వార్తతో చూడనివాళ్లు కూడా వెతుక్కుని చూశారు. ఆ ఏడాది చివర్లో కంపెనీ చక్కెరను సుమారు 14 శాతం తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇలాంటి డ్రింకులను 'హెల్త్ డ్రింక్స్' జాబితాలోంచి తీసేయమని ఈ-కామర్స్ సైట్లకు చెప్పింది. ఆ వీడియోలో ప్రతి మాటా సరైనదేనా అన్న చర్చ వేరే ఉంది. కానీ కంపెనీ మొదటి రోజే డబ్బా మీది అంకెల గురించి మాట్లాడి ఉంటే జనం ఆ అంకెల గురించే మాట్లాడుకునేవాళ్లు. లాయర్‌ను ముందు పెట్టేసరికి, ఏదో దాస్తున్నారన్న అనుమానమే మిగిలింది.

మూడోది, డబ్బు దారి మారడం. పత్రికలో వార్త కావాలంటే అందులో వార్త ఉండాలి. ఇన్‌ఫ్లుయెన్సర్ దగ్గర రేటు కార్డు ఉంటుంది. డబ్బు తీసుకుని చేసిన ప్రచారమైతే ఆ మాట స్పష్టంగా చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో, కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో నియమాలు ఇచ్చాయి. అయినా ఎంతమంది పాటిస్తున్నారో మన కళ్లతో చూస్తూనే ఉన్నాం. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారని హైదరాబాద్ పోలీసులు యూట్యూబర్ల మీద, సినిమావాళ్ల మీద వరసగా కేసులు పెట్టినప్పుడు ఎన్ని ఇళ్లు అప్పుల్లో కూరుకుపోయాయో బయటికొచ్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్లం దీన్ని పక్కవాళ్ల గొడవగా చూడటం నాకు మింగుడు పడదు. "మీడియా ఎందుకు, నేరుగా జనంలోకి వెళ్దాం" అని క్లయింట్లకు నేర్పింది మేమే.

నేరుగా వెళ్లడం అన్నిసార్లూ తప్పేమీ కాదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పాత వీడియోలు, ఎక్కడివో ఫొటోలు రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేశాయి. దారి తప్పిన అమాయకులను జనం కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ప్రెస్ నోట్‌తో సరిపెట్టుకోలేదు. ఊరికొక కానిస్టేబుల్‌ను అప్పగించారు. వాళ్లు గ్రామాల వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, ఇంటింటికీ తిరిగి ఆ వీడియోలు అబద్ధమని చెప్పారు. డప్పు కొట్టించి చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఆమె పరిధిలోని దాదాపు 400 గ్రామాల్లో ఒక్క ప్రాణం కూడా పోలేదు. వాట్సాప్ కూడా ఆ ఏడాది జులైలో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. నా దృష్టిలో మాత్రం పని చేసింది ఆ ముందు నెలల్లో కానిస్టేబుల్ ఆ ఊళ్లో తిరిగి సంపాదించుకున్న ముఖపరిచయం. మంట లేచాక గ్రూపులో చేరితే ఎవరూ వినేవాళ్లు కాదు.

ఇక ఫొటోను చూసి నమ్మే రోజులు కూడా పోయాయి. 2025 మార్చి చివర్లో హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు, సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థుల ఫోన్లే దేశానికి ఆ సంగతి చెప్పాయి. వాటి మధ్యలోనే ఏఐతో చేసిన జింకల, నెమళ్ల బొమ్మలూ కలిసిపోయాయి. ప్రభుత్వం ఏఐ ప్రచారం అంటూ కేసుల దాకా వెళ్లింది. కానీ చెట్లు కొట్టేయడం నిజమే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఒక దొంగ బొమ్మ వల్ల నిజమైన వీడియో కూడా అనుమానానికి గురైంది. అదే సమయంలో, నిజమైన వీడియో ఉంది కాబట్టి ప్రభుత్వం ఏఐ గురించి చెప్పిన మాటలో ఉన్న కాస్త నిజాన్నీ ఎవరూ పట్టించుకోలేదు. ఇలాంటప్పుడు అక్కడికి వెళ్లి నిలబడి, కళ్లతో చూసి, పేరు వేసుకుని రాసే మనిషి కావాలి.

ఆ మనిషికి జీతమిచ్చే ఏర్పాటే ఇప్పుడు కూలిపోతోంది. పేపర్ ధర దాన్ని అచ్చేసే ఖర్చుకు ఎన్నడూ సరిపోలేదు. మిగతాది యాడ్స్ భరించేవి. ఆ యాడ్స్‌లో పెద్ద వాటా గూగుల్, మెటాల వైపు పోయింది. మండల కంట్రిబ్యూటర్‌కు ఎప్పుడూ సరైన జీతం లేదు, వార్తకు ఇంతని ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అతని మీద పండక్కీ, వార్షికోత్సవానికీ యాడ్ టార్గెట్లు పెడతారు. ఏ ఆసుపత్రి యాడ్ ఇచ్చిందో ఆ ఆసుపత్రి మీద వార్త రాయమంటే ఎలా రాస్తాడు? చేతులు తక్కువైన డెస్క్‌లో మా ప్రెస్ నోట్ కామా కూడా మారకుండా అచ్చవుతోంది. ఒకప్పుడు దానికి పొంగిపోయేవాణ్ని. ఇప్పుడు అలా వస్తే నాకు టెన్షన్. ఎవరూ ప్రశ్నించకుండా అచ్చయిన మాటను చదివేవాడు మాత్రం ఎందుకు నమ్మాలి? మా మాటకు విలువ వచ్చేదే, మాకు సంబంధం లేని ఒక మనిషి దాన్ని సరిచూసి వేశాడన్న నమ్మకంతో. ఆ మనిషి లేకపోతే మేం రాసేవన్నీ యాడ్సే.

బస్సు దగ్గరికి వస్తాను. మర్నాడు పొద్దున్న అన్ని పేపర్లలో నా నోట్ వచ్చింది, ఒక్క పేపర్‌లో తప్ప. ఆ పేపర్ కంట్రిబ్యూటర్ మా నోట్ తీసుకుని, ముందు రోజు మధ్యాహ్నం ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లాడు. బస్సు నంబర్ ఇచ్చి రికార్డు అడిగాడు. స్కూళ్లు తెరిచేలోపు చేయించాల్సిన ఫిట్‌నెస్ పరీక్ష ఆ బస్సుకు చేయించలేదు. ఆ వార్త జిల్లా పేజీలో మూడు కాలమ్‌లలో వచ్చింది. వారంలోగా ఆ పట్టణంలోని స్కూలు బస్సులన్నింటినీ అధికారులు తనిఖీ చేశారు, కొన్నింటిని పక్కన పెట్టించారు. ఆ టీచర్ వీడియో తల్లుల భయం పోగొట్టింది, అది గొప్ప పని. అయితే పిల్లలు మళ్లీ అదే బస్సు ఎక్కకుండా ఆపింది ఈ కుర్రాడు.

నా నోట్‌లో ఫిట్‌నెస్ మాట లేదు. యాజమాన్యం చెప్పలేదు, నేను అడగలేదు. ఐవీ లీ కూడా 1914లో కొలరాడో బొగ్గు గనుల సమ్మెలో యజమానులు ఇచ్చిన వివరాలతో కరపత్రాలు వేశాడు. వాటిలో తప్పులు బయటపడ్డాక, తాను సరిచూసుకోలేదని విచారణ కమిషన్ ముందు ఒప్పుకున్నాడు. ఈ సంగతి నేను ఎప్పుడో చదివాను. చదివి కూడా ఆ రోజు అదే పని చేశాను. ఇప్పుడు ఎవరు ప్రమాదం గురించి ఫోన్ చేసినా రాయడానికి ముందు కాగితాలన్నీ వాట్సాప్ చేయమంటాను. కొందరు నొచ్చుకుంటారు, ఒకరిద్దరు వేరే ఏజెన్సీకి వెళ్లిపోయారు.

ఆ కంట్రిబ్యూటర్‌తో నాకు తర్వాత స్నేహం కుదిరింది. కరోనాలో పేజీలు తగ్గించినప్పుడు అతని పని పోయింది. ఇప్పుడు సొంతంగా ఒక యూట్యూబ్ చానల్ నడుపుతున్నాడు. ఒక ఫోన్, ఒక స్టాండ్, చానల్ లోగో ఉన్న మైకు. ఆదాయమంతా ఊళ్లోని ఆసుపత్రులు, వెంచర్లు, స్కూళ్ల యాడ్స్. మొన్న జూన్‌లో స్కూళ్లు తెరిచే ముందు ఫోన్ చేసి, ఈసారి బస్సుల ఫిట్‌నెస్ సంగతి ఏమైనా చూశావా అని అడిగాను.

"ఆర్టీఏ ఆఫీసుకు పోతే సగం రోజు పోతది అన్నా" అన్నాడు. "రోజుకు ఆరు వీడియోలు పెట్టాలె."